మూర ఎవరిది?

2011 ఫిబ్రవరిలో నాకు జనాభా లెక్కల డ్యూటీ పడింది. అప్పటికి మునిసిపల్ స్కూల్లో టీచర్ని. నాకిచ్చిన బ్లాకు వన్ టౌన్ లో కొండవాలు ఇళ్ళు. ఒక చేత్తో ఫారాల సంచి, ఇంకో చేత్తో పక్కింటి గోడ పట్టుకుని మెట్లెక్కాలి. కొన్ని మెట్లు మునిసిపాలిటీ వేసినవి, కొన్ని ఆ ఇళ్ళవాళ్ళే రాళ్ళు పేర్చుకున్నవి. పైకి వెళ్ళేకొద్దీ కృష్ణ కనపడుతుంది, ప్రకాశం బ్యారేజీ కనపడుతుంది, కింద కాళేశ్వరరావు మార్కెట్ రొద వినపడుతుంది. దారి పొడుగునా బిందెలు. ఆ బిందెలు ఎవరి నడుం మీద పైకి వస్తాయో చెప్పక్కర్లేదు.

ఒక ఇంట్లో ఒకావిడ గడపలో కూర్చుని పూలు కడుతోంది. "ఏం పని చేస్తారమ్మా?" అనడిగాను. "నేనేం చేస్తానండీ, ఇంట్లోనే ఉంటాను" అంది. చేతులు మాత్రం ఆగలేదు. లోపల్నించి ఆమె భర్త, "ఆవిడకేం పని లేదు టీచరుగారూ, కాలక్షేపానికి పూలు కడుతుంది, నా పేరు సరిగ్గా రాశారా చూడండి" అన్నాడు. ఆడవాళ్ళ పని గురించి గుచ్చి గుచ్చి అడగమని ట్రైనింగులో మాకు చెప్పారు. అడిగాను. మార్కెట్లో షావుకారు సాయంత్రం పూలబుట్ట పంపిస్తాడు, తెల్లారేసరికి మాలలు కట్టి దించాలి, మూరకింత అని ఇస్తాడు. దసరా పది రోజులూ నిద్రే ఉండదు. పదకొండేళ్ళుగా ఇదే. ఆమెను 'పనిచేసేవారు' గడిలోకి ఎక్కించడానికి నాకు పావుగంట పట్టింది. "ఇది కూడా పనేనా అండీ" అని నవ్విందామె.

ఆ పావుగంటకి నాలో నేను బాగా పొంగిపోయాను. అదే రోజు సాయంత్రం మా అమ్మ ఇంటికి వెళ్ళాను. ఆ ఇల్లూ నా బ్లాకులోనే పడింది. పక్షవాతం వచ్చిన నాన్నని లేపి కూర్చోబెట్టడం, తుడవడం, తినిపించడం, తమ్ముడి పిల్లలిద్దర్నీ బడికి తయారుచేయడం, ఏడుగురికి వండడం, కింద పంపు దగ్గర వంతుకి నిలబడడం... అప్పటికి అమ్మకి అరవై దాటాయి. ఫారంలో అమ్మ వరుసకి వచ్చేసరికి నా పెన్ను ఎక్కడా ఆగలేదు. పనిచేయనివారు. ఆర్థికేతర కార్యకలాపం: కోడు 2, ఇంటిపనులు. విద్యార్థి 1, ఇంటిపనులు 2, ఆధారపడినవారు 3, పింఛనుదారు 4, అద్దెలమీద బతికేవారు 5, బిచ్చగాళ్ళు 6, ఇతరులు 7. అదీ ఆ వరుస.

"నాకేం రాశావే?" అంది అమ్మ.

"ఇంటిపనులు అని."

"మరి ఆ పైన ఏవుంది?"

చెప్పాను. "అట్టాగా" అని లేచి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది. అంతే. ఆ తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆ 'అట్టాగా' నన్ను వదల్లేదు. దేశాల అభివృద్ధిని కొలిచే పుస్తకాలు, నివేదికలు నేను చదవడం మొదలుపెట్టింది దాని పుణ్యమే. అర్థశాస్త్రం నా సబ్జెక్టు కాదు. నేను తెలుగు పండిట్ని. అందుకని వాటిని కూడా కథల్లాగే చదివాను. ఎవరు చెబుతున్నారు, ఎవరి గురించి చెబుతున్నారు, ఎవరు పేజీలో లేకుండా పోయారు అని.

అమ్మని లేకుండా చేసిన ఆ గడి వన్ టౌన్ లో పుట్టింది కాదు. 1934లో అమెరికాలో సైమన్ కుజ్నెట్స్ ఆ దేశపు జాతీయాదాయాన్ని లెక్కకట్టి సెనేట్ కి నివేదిక ఇచ్చాడు. గృహిణుల సేవల్ని లెక్కలోంచి వదిలేస్తున్నానని అందులో చెప్పాడు. ఒక జాతి సంక్షేమాన్ని ఈ అంకెనుంచి ఊహించడం కుదరదని కూడా ఆయనే హెచ్చరించాడు. హెచ్చరిక మర్చిపోయారు, అంకె మిగిలింది. సరిగ్గా అదే ఏడాది మార్గరెట్ రీడ్ అనే ఆవిడ ఇంట్లో జరిగే ఉత్పత్తి మీద ఒక పుస్తకమే రాసింది. మీ బదులు డబ్బిచ్చి వేరొకరిచేత చేయించుకోగలిగిన పని ఏదైనా ఉత్పత్తే అని ఆమె పెట్టిన పరీక్ష. ఎంత తేలిక! కానీ పాఠ్యపుస్తకాలకి ఎక్కింది కుజ్నెట్స్ అంకె. 1949లో మన దేశం మహలనోబిస్ అధ్యక్షతన జాతీయాదాయ కమిటీ వేసుకుంటే, సలహా చెప్పడానికి వచ్చినవాళ్ళలో కుజ్నెట్స్ కూడా ఉన్నాడు. అట్లా ఆ గడి మన మెట్లెక్కింది.

ఇంటిపనిని వదిలేస్తే వచ్చే వింతని అంతకుముందే ఇంగ్లండులో పిగూ అనే ఆర్థికవేత్త గమనించాడు. ఒకాయన తన ఇంట్లో పనిచేసే మనిషిని పెళ్ళి చేసుకుంటే జాతీయాదాయం తగ్గుతుందన్నాడు. దీన్ని ఇప్పటికీ క్లాసుల్లో హాస్యంగా చెబుతారు. నాకెప్పుడూ నవ్వు రాలేదు. ఆ పెళ్ళికూతురి వైపు నుంచి చూడండి. నిన్నటిదాకా చేసిన గిన్నెలే, అదే చీపురు, అదే మనిషి. జీతం మాత్రం పోయింది.

న్యూజిలాండ్ లో మారిలిన్ వేరింగ్ 23 ఏళ్ళకే, 1975లో, పార్లమెంటు సభ్యురాలైంది. ప్రభుత్వ ఖర్చుల కమిటీలో కూర్చుని లెక్కలు చూస్తూ ఉండగా ఆమెకి అనుమానం వచ్చింది. 1988లో ఆమె రాసిన పుస్తకం ఐక్యరాజ్యసమితి జాతీయ లెక్కల పద్ధతిని పేజీ పేజీకీ నిలదీసింది. ఆ పద్ధతిని 1993లో సవరించారు. ఏం సవరించారు? ఇంటి అవసరానికి నీళ్ళు మోసుకురావడం ఉత్పత్తి కిందకి వస్తుందన్నారు. ఆ నీళ్ళతో అన్నం వండితే మాత్రం రాదు! బిందె గడప దాటేవరకూ ఆమె దేశానికి ఉత్పత్తి చేస్తుంది, గడప లోపల అడుగు పెట్టగానే ఖాళీగా ఉంటుంది. మన జనాభా లెక్కలు ఆ గడప దాకా కూడా రాలేదు. కొండమీద బిందె ఇప్పటికీ ఇంటిపనే.

పూలు కొలిచే మూర సంగతి మీకందరికీ తెలుసు. అమ్మేవాళ్ళ మోచేయి నుంచి వేలి కొస దాకా. పొట్టి చేతుల ఆవిడ దగ్గర కొంటే మనకి నష్టం. అందుకే వన్ టౌన్ లో కొంతమంది చేతులు చూసి పూలు కొంటారు. దేశాల్ని పోల్చడంలోనూ ఇదే గొడవ. రూపాయిని మారకం రేటుతో డాలర్లు చేసి చూస్తే ఇండియా తలసరి ఆదాయం 2024కి దాదాపు 2,700 డాలర్లు. ఇదేం న్యాయం, మీ దగ్గర డాలరుకి వచ్చేదానికన్నా మా దగ్గర ఎక్కువ వస్తుంది కదా అని, ధరల తేడాని సవరించి పోల్చే పద్ధతి తెచ్చారు. దాన్ని కొనుగోలు శక్తి సమానత అంటున్నారు. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో 1968లో ఈ పని మొదలైంది. 1970 ధరలతో పోల్చిన మొదటి పది దేశాల్లో ఇండియా కూడా ఉంది. ఆ కొలతలో మన తలసరి ఆదాయం పదివేల డాలర్లు దాటిపోతుంది, మొత్తంమీద ప్రపంచంలో మూడో స్థానం. వార్త రాగానే మన పత్రికలు పండగ చేసుకుంటాయి.

నేను మాత్రం ఆ పెరిగిన భాగం ఎక్కణ్ణించి వచ్చిందని వెతికాను. బంగారం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే ధర. మన దగ్గర చవకైనవి సేవలు. క్షవరం, బట్టల ఇస్త్రీ, అంట్లు తోమడం, పిల్లల్ని ఆడించడం, ముసలివాళ్ళని చూసుకోవడం. విజయవాడలో ఒక ఇంట్లో అంట్లు తోమే మనిషికి నెలకి ఇచ్చే డబ్బుతో అమెరికాలో ఒకపూట కూడా ఆ పని చేయించుకోలేరు. కాబట్టి ఆ పనిని అంతర్జాతీయ ధరకి దగ్గరగా విలువ కడితే దేశం అంకె ఉబ్బుతుంది. అంటే ఆమె చవకగా దొరకడం కూడా మన సంపద కిందే జమ పడింది. చేయించుకునేవాళ్ళ వైపు నుంచి చూస్తే ఇది నిజమే, వాళ్ళ రూపాయికి కొనుగోలు శక్తి ఎక్కువే. ఆ శక్తి ఎవరి నడుములోంచి వచ్చిందో ఆ లెక్కలో కనపడదు. ఈ పద్ధతి అబద్ధమని నేననడం లేదు, మారకం రేటు కన్నా ఇది మెరుగే. కానీ ఇది ఇంట్లో మనిషిని పెట్టుకోగలిగినవాళ్ళ మూర.

మానవాభివృద్ధి సూచిక గురించి కొంచెం మర్యాదగా మాట్లాడాలి. 1990లో మహబూబుల్ హక్, అమర్త్యసేన్ సాయంతో దాన్ని తెచ్చినప్పుడు, ఆదాయం పక్కన ఆయుష్షునీ చదువునీ కూర్చోబెట్టడం పెద్ద విషయం. అదే ఏడాది అమర్త్యసేన్ పదికోట్లకు పైగా స్త్రీలు లోకంలో లేకుండా పోయారని రాశాడు. అసలు లేనివాళ్ళని లెక్కపెట్టిన వ్యాసం అది. 1995లో, బీజింగ్ మహాసభ జరిగిన ఏడాదే, మానవాభివృద్ధి నివేదిక పూర్తిగా జెండర్ మీద వచ్చింది. ప్రపంచంలో లెక్కకు రాని శ్రమ విలువ 16 లక్షల కోట్ల డాలర్లనీ, అందులో 11 లక్షల కోట్లు స్త్రీలదేననీ అంచనా వేసింది. ఆ పేజీ చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ అదే నివేదిక తెచ్చిన రెండు కొత్త సూచికలు చూడండి. స్త్రీల ఆదాయాన్ని లెక్కకట్టడానికి స్త్రీ పురుషుల కూలి నిష్పత్తినీ, 'ఆర్థికంగా చురుకైన' జనంలో స్త్రీల వాటానీ తీసుకున్నారు. ముందు అధ్యాయంలో 11 లక్షల కోట్ల డాలర్ల పనిచేసిన మనిషి, వెనక పట్టికలో చురుకుగా లేదు! రెండో సూచిక పార్లమెంటు సీట్లనీ మేనేజరు ఉద్యోగాల్నీ లెక్కపెట్టింది. పూలు కట్టే ఆవిడకి అందులో చోటెక్కడ? 2010లో దాన్ని తీసేసి ఇంకోటి తెచ్చారు. ప్రసవాల్లో చనిపోయే తల్లుల సంఖ్య, చిన్న వయసులో కాన్పులు అందులోకి వచ్చాయి, మంచిదే. ఇంటిచాకిరీ మాత్రం ఇప్పటికీ లోపలికి రాలేదు.

2023 లెక్కలతో మానవాభివృద్ధిలో మన దేశానిది 193 దేశాల్లో 130వ స్థానం. దేశం కింద వరుసలో ఉన్నా మన కృష్ణా జిల్లా రాష్ట్రంలో ఎప్పుడూ పైవరుసే. 1855కి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాకి వచ్చిన నీళ్ళు, నీళ్ళు తెచ్చిన వరి, వరి తెచ్చిన మిగులు, మిగులుతో సినిమాలు, కాలేజీలు, అమెరికా చదువులు... ఈ కథ మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. నాట్లు వేసిన చేతులు ఈ కథలో ఎక్కడుంటాయి? మిగులు పెరిగినకొద్దీ కట్నాలూ పెరిగాయి, అది ఏ సూచికలోకి వస్తుంది? కట్నంగా చేతులు మారిన పొలం వల్ల జిల్లా తలసరి ఆదాయం రూపాయి కూడా తగ్గదు.

ఇదే జిల్లా 2006లో ఇంకో పాఠం చెప్పింది. అప్పులు అందిన మహిళల సంఖ్యే సాధికారతకి కొలమానంగా చెలామణీ అవుతున్న రోజులవి. ఎన్ని గ్రూపులు, ఎంతమంది సభ్యులు, వసూలు నూటికి ఎంత. ఆ ఏడాది మార్చిలో కృష్ణా జిల్లా అధికారులు మైక్రోఫైనాన్స్ సంస్థల శాఖలు యాభై దాకా మూయించారు. వడ్డీల గురించీ, వసూళ్ళకి ఇళ్ళమీద పడడం గురించీ ఫిర్యాదులు అంతగా వచ్చాయి. నూటికి నూరు వసూలైన గ్రూపు అంటే, ఒకామె కట్టలేకపోతే మిగతా తొమ్మిదిమందీ ఆమె ఇంటిముందు కూర్చున్న గ్రూపు కూడా కావచ్చు. మా వీధిలో ఒకామె రెండో సంస్థ అప్పుతో మొదటి సంస్థకి కిస్తీ కట్టింది. నివేదికల్లో ఆమె రెండుసార్లు సాధికారం అయి ఉంటుంది.

అంతకు ముందు నెల్లూరు జిల్లా దూబగుంట చూడండి. అక్షరాస్యత కార్యక్రమంలో భాగంగా చదివిన సీతమ్మ కథ అనే పాఠం ఆడవాళ్ళ చేతికి కర్ర ఇచ్చింది. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారు. ఎత్తేయడానికి చెప్పిన ముఖ్య కారణం ఖజానా ఆదాయం. సారా సీసా అమ్ముడైతే రాష్ట్రం ఆదాయం పెరుగుతుంది, తాగినవాడు కొడితే ఆసుపత్రి ఖర్చూ ఆదాయంలోనే కలుస్తుంది. ఆడవాళ్ళు దుకాణం మూయిస్తే తగ్గుతుంది. అక్షరాస్యత శాతం సూచికలోకి వచ్చింది, ఆ అక్షరాలతో వాళ్ళు ఏం చేశారన్నది రాలేదు.

మరి ఇంటిపనికి రూపాయల్లో ధర కడితే సరిపోతుందా? ఈ ప్రశ్న మన దేశంలో అర్థశాస్త్రం కన్నా ముందు కోర్టుల్లో గట్టిగా వినపడింది. రోడ్డు ప్రమాదంలో గృహిణి చనిపోతే పరిహారం ఎంత? మోటారు వాహనాల చట్టం రెండో షెడ్యూలు ఆమె ఆదాయాన్ని భర్త సంపాదనలో మూడో వంతుగా లెక్కపెట్టమంది. అంటే కలెక్టరు భార్య వండిన అన్నం ఖరీదు, గుమాస్తా భార్య వండిన అన్నం చవక! 2010లో అలాంటి ఒక కేసులో సుప్రీంకోర్టు న్యాయమూర్తి గంగూలీ, 2001 జనాభా లెక్కలు ఇంటిపని చేసే దాదాపు 36 కోట్లమంది స్త్రీలను బిచ్చగాళ్ళు, సెక్స్ వర్కర్లు, ఖైదీలతో కలిపి ఉత్పాదకత లేనివాళ్ళుగా చూపించాయని తీవ్రంగా తప్పుపట్టారు. తీర్పు మంచిదే. కానీ దాన్ని చదివి 'మమ్మల్ని వాళ్ళ పక్కన కూర్చోబెడతారా' అని మన గృహిణులు కొందరు బాధపడడం నాకు నచ్చలేదు. సెక్స్ వర్కర్ చేసేది పని కాదని ఎవరన్నారు? ఆ గడిలో పడ్డ అందరిదీ ఒకటే ఫిర్యాదు కావాలి.

2021 జనవరిలో మన కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ అలాంటి మరో కేసులో వేరుగా ఒక అభిప్రాయం రాశారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే ముఖ్యమైన పని అని చెప్పిన స్త్రీలు దాదాపు 16 కోట్లు, పురుషులు 58 లక్షల లోపు అని అందులో ఉంది. ఆ 16 కోట్లలో మా అమ్మ ఒకతె. ఆ అంకె వేసినవాళ్ళలో నేనొకతెని. తీర్పు చదువుతూ నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, ఎందుకో సరిగ్గా చెప్పలేను.

అయినా ధర కట్టడం దగ్గర నాకు పెద్ద అనుమానం ఉంది. అమ్మ చేసే పనికి ఏ రేటు వేస్తారు? బయట అదే పనిచేసే మనిషి కూలి వేస్తామంటారు. బయట ఆ మనిషి కూలి ఎందుకంత తక్కువ? ఇంట్లో ఆడవాళ్ళు ఊరికే చేసే పనే కదా, దానికింత ఎందుకివ్వాలి అని. ఊరికే చేయడం వల్ల తగ్గిన కూలిని తెచ్చి, ఊరికే చేసినదాని విలువ ఇదీ అంటున్నారు. ఇది పూలు కట్టినావిడ మూరనే కోసేసి, ఆ తెగిన చేత్తోనే మాలలన్నీ కొలవడంలాంటిది. రంగనాయకమ్మ గారు 'ఇంటిపని-బయటిపని'లో మార్క్స్ విలువ సిద్ధాంతం నుంచి ఈ చర్చ చేశారు. ఆవిడతో అన్నిచోట్లా ఏకీభవించలేకపోయినా, ఈ పని ఎవరు చేయాలి అనే ప్రశ్నని వదిలేసి దీని ధర ఎంత అనే ప్రశ్నలో పడితే మోసపోతామని నాకు అర్థమైంది ఆ పుస్తకంతోనే.

రూపాయల కన్నా గంటలు నయం. గంటకి కులం లేదు, మారకం రేటు లేదు, కలెక్టరు గంటా పనిమనిషి గంటా ఒకటే. 1998-99లో ఇందిరా హిర్వే వంటివారి కృషితో మన దేశంలో కాలవినియోగ సర్వే మొదటిసారి ఆరు రాష్ట్రాల్లో జరిగింది. అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. దేశమంతటా చేయడానికి ఇంకో ఇరవై ఏళ్ళు పట్టింది. 2019లో తేలిందేమిటంటే, జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు చేస్తున్నారు, మగవాళ్ళు 97. ఆ పని చేసే మగవాళ్ళే తక్కువ, చేసేవాళ్ళలో సగటు ఇది. 2024లో మళ్ళీ చేశారు. 15 నుంచి 59 ఏళ్ళ స్త్రీలకి ఇంటిపని 315 నుంచి 305 నిమిషాలకి తగ్గిందని సంతోషంగా ప్రకటించారు. అయిదేళ్ళలో పది నిమిషాలు! గ్యాసు, మిక్సీ, పంపు అన్నీ కలిసి పది నిమిషాలు.

పనిలో ఉన్న, లేదా పని వెతుక్కుంటున్న స్త్రీల శాతం మాత్రం 2017-18లో 23.3 ఉన్నది 2023-24కి 41.7 అయిందట. ఇంత అభివృద్ధి ఇంత తొందరగా ఎట్లా అని చూస్తే, పెరిగినవాళ్ళలో చాలామంది సొంత పనిలో ఉన్నవాళ్ళు, ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా సాయం చేస్తున్నవాళ్ళు. నేను పావుగంట వాదించి 'పనిచేసేవారు' అని రాసిన ఆవిడలాంటివాళ్ళు. ఆవిడ అంతకుముందూ పూలు కడుతోంది, తర్వాతా కడుతోంది. మారింది గడి. మంచిదే, నేను కోరుకున్నదే. కానీ గడి మారితే ఆవిడ ఆదాయం మారిందని చెప్పుకుంటే మాత్రం ఒప్పుకోను.

ఈ అంకెలన్నీ చదివాక నేను మళ్ళీ మన ఊరి రచయిత్రి పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే...' కథకి వెళ్ళాను. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోయిన ఇల్లాలి కథ. క్లాసులో చెప్పినప్పుడు ఇది అతిశయోక్తి కదా టీచర్ అనేవారు పిల్లలు. జనాభా ఫారం చేతపట్టుకున్నాక నాకది వాస్తవికవాద కథలా కనపడుతోంది. కోడు 2లో పడ్డ మనిషికి పేరెందుకు? మానవాభివృద్ధి నివేదికలు రాసేవాళ్ళు ఆ కథ చదివితే బాగుండును. ఆమె పేరు గుర్తొచ్చాక ఇంటికి తిరిగి వెళ్ళి ఏం చేస్తుందన్నదే వాళ్ళ పట్టికల్లో లేని గడి.

2024 డిసెంబరులో మన విజయవాడలోనే స్వర్ణాంధ్ర 2047 పత్రాన్ని ఆవిష్కరించారు. 2047కి తలసరి ఆదాయం 42 వేల డాలర్లని లక్ష్యం. 1999లో విజన్ 2020 చూసినవాళ్ళం కాబట్టి మనకి ఇలాంటి అంకెలంటే బెదురు పోయింది. ఇంటిపని నిమిషాలు 305 నుంచి ఎంతకి తగ్గిస్తారో, మగవాళ్ళ నిమిషాలు ఎంతకి పెంచుతారో ఒక లక్ష్యం రాసి ఉంటే చదవడానికి నాకు ఆసక్తి ఉండేది.

2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదాపడి, 2027 మార్చి 1ని ఆధార తేదీగా పెట్టుకున్నాయి. నేను రిటైరయ్యాను. ఈసారి కాగితం ఫారాలు లేవు, ఫోను పట్టుకుని వస్తారు. ఎవరి వివరాలు వాళ్ళే నింపుకోవచ్చని కూడా అన్నారు. నాన్న పోయాడు. అమ్మకి ఎనభైకి దగ్గర. కొండ మెట్లు దిగలేదు, కానీ ఇప్పటికీ పొద్దున్నే తమ్ముడి ఇంట్లో కూరలు తరిగేది ఆవిడే. "నువ్వే రాసెయ్యవే, నాకేం తెలుసు" అంటుందని తెలుసు. ఈసారి పక్కన కూర్చోబెట్టుకుని, గడి పేరూ దాని పైనున్న శీర్షికా రెండూ పైకి చదివి, ఆవిడ ఏమంటే అది ఒక కాగితం మీద విడిగా రాసి ఉంచుకుందామనుకుంటున్నాను.